గడప దగ్గర ఆగిపోయిన అడుగు



ఈ నెల ఒక అడుగును గూర్చి వ్రాయదలచాము. వెయ్యి మైళ్ల ప్రయాణము సంగతి కాదు, ఒకే ఒక్క అడుగు సంగతి. మీరును మేమును రోజుకు కొన్ని వేల అడుగులు వేస్తాము. ఏ అడుగు ఎట్లు పడిందో మనకు తెలియదు, తెలిసికొనే అవసరమూ రాదు. అయితే ఆ ఒక్క అడుగు కొరకు చెమటలు పట్టే మనుషులు మన మధ్యనే ఉన్నారు. వారిని చూచియు మేము చూడలేకపోయిన సంగతితో ఆరంభిస్తాము.

మా సంఘములో ఒక పెద్దయ్యగారు ఉన్నారు. వయస్సు 70 దాటింది. కౌలుకు పొలము చేసి నలుగురు బిడ్డలను చదివించిన మనిషి. మా గుడి గోడలు లేచినప్పుడు ఇటుకలు మోసిన చేతులు ఆయనవి. ఆ చేతులు కొన్నేండ్లుగా వణుకుతున్నవి. ఊరిలో అందరూ "వణుకుడు జబ్బు, పెద్దతనము" అన్నారు. మేమూ అట్లే అనుకొన్నాము. ఆయన ముఖములో నవ్వు తగ్గిపోయింది. మేము ప్రసంగించునప్పుడు రెప్ప వేయక, ఏ భావమూ లేక చూచేవారు. మా మాటలు ఆయనకు రుచించుట లేదేమోనని మనస్సులో కొంచెము నొచ్చుకొన్నాము కూడ. ఈ మాట ఒప్పుకొనుటకు సిగ్గుపడుతున్నాము.

ఒక ఆదివారము ఆయన కొంచెము ఆలస్యముగా వచ్చారు. రెండవ గంట కొట్టారు. జనము తొందరగా లోపలికి వస్తున్నారు. ఆయన గుడి మెట్లు చక్కగా ఎక్కారు గాని గడప ముందుకు వచ్చేసరికి నిలిచిపోయారు. పాదములకు నేలలో మేకులు దిగగొట్టినట్లు కదలరు. మోకాళ్లు మాత్రము సన్నగా వణుకుతున్నవి. వెనుకనున్నవారు "కొంచెము జరుగు తాతా" అంటున్నారు. మేము సహాయము చేస్తున్నామనుకొని, గబగబ వచ్చి ఆయన చేయి పట్టి లోపలికి లాగాము. దేహము ముందుకు వచ్చింది, పాదములు రాలేదు. ఆయన గడప మీద బోర్లా పడ్డారు.

ఎముకలు విరుగలేదు. మోచేయి చీరుకొని పోయింది, అంతే. కాని ఆ తరువాత నాలుగు నెలలు ఆయన గుడికి రాలేదు. ఇంటికి వెళ్లి పలకరిస్తే "ఒంట్లో బాగుండుట లేదు అయ్యగారూ" అని మాత్రమే అన్నారు. మమ్మును ఒక్క మాట అనలేదు. అన్నట్లయితే మాకు కొంత తేలికగా ఉండేది.

సుద్దముక్కతో నాలుగు గీతలు

దసరా సెలవులకు ఆయన మనుమరాలు వచ్చింది. ఆ అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతున్నది. మేము వెళ్లిన పూట ఆ బిడ్డ ఇంటి వసారాలో కూర్చుండి, సుద్దముక్కతో నేల మీద అడ్డముగా గీతలు గీస్తున్నది. ఒక్కొక్క గీతకు మధ్య అడుగు పట్టేంత ఎడము. గీతలు వసారా చివరనుండి తలుపు దాటి లోపలి గది వరకు ఉన్నవి.

"తాతయ్యా, తలుపు వైపు చూడవద్దు. గీత చూడు. ఒక్క గీత దాటు చాలు" అన్నది.

పెద్దయ్యగారు మొదటి గీత చూచి కాలు ఎత్తి దాటారు. తరువాత రెండవది, మూడవది. తలుపు దగ్గర ఆగలేదు. లోపలికి వెళ్లి, తిరిగి మా వైపు చూచారు. ముఖములో భావము లేదు గాని కన్నులు తడిగా ఉన్నవి.

"ఇదేమి వింత అమ్మా?" అని అడిగాము.

"వింత కాదండి అయ్యగారూ. ఇది డాక్టర్లకు 50 ఏండ్లకు పైగా తెలిసినదే. ఇప్పుడు ఈ గీతలనే కళ్లద్దాలలో చూపిస్తున్నారు" అన్నది.

కళ్లద్దాలలో గీతలా! ఆ మాట మమ్మును వదలలేదు. ఆ బిడ్డను అడిగి, తెలిసిన డాక్టరు నొకరిని అడిగి, చదువగలిగినంత చదివాము. మాకు అర్థమైనంత మీకు చెప్పుచున్నాము.

జబ్బు ఏమిటి?

దీనిని పార్కిన్సన్స్ వ్యాధి అంటారు. లండనులో వైద్యము చేసిన జేమ్స్ పార్కిన్సన్ అనే ఆయన 1817లో ఆరుగురు రోగులను గూర్చి చిన్న పుస్తకము వ్రాశాడు. వారిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా గమనించాడు. అందువలన ఆయన పేరు ఈ జబ్బుకు నిలిచింది. ఆయన పుట్టిన దినమైన ఏప్రిల్ 11ను లోకమంతట ఈ రోగుల దినముగా జరుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో లోకములో 85 లక్షలమందికి పైగా దీనితో జీవిస్తున్నారు.

మన బైబిలులో చదివే పక్షవాయువు వేరు, ఇది వేరు. పక్షవాతములో కండరమునకు ఆజ్ఞ చేర్చే దారి తెగుతుంది. దీనిలో బలము పోదు. మెదడు లోపల అడుగున నల్లని చిన్న భాగమొకటి ఉంది. అందులోని కణములు డోపమైన్ అనే రసాయనమును తయారుచేస్తవి. ఆ కణములు మెల్లమెల్లగా చనిపోతవి. బయటికి లక్షణములు కనబడేసరికే వాటిలో సగమునకు పైగా పోయి ఉంటవి. డోపమైన్ తగ్గితే చేతులు వణుకుతవి, ఒళ్లు బిగుస్తుంది, పనులు నెమ్మదిస్తవి. అక్షరములు చిన్నవవుతవి, గొంతు సన్నగిల్లుతుంది, ముఖ కండరములు కదలవు. ముఖము బొమ్మవలె ఉంటుంది గాని లోపలి మనిషి బొమ్మ కాడు. ఈ ఒక్క సంగతి మాకు ముందే తెలిసియుంటే ఎంత బాగుండేది!

దీనికి ముఖ్యమైన మందు లీవోడోపా. మెదడులోనికి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. 1960ల నుండి వాడుకలోనికి వచ్చింది. మన పొలము గట్ల మీద పెరిగే దూలగొండి గింజలలో ఈ పదార్థము ఉన్నది. మద్రాసు పరిశోధకులు 1937లోనే ఆ గింజలనుండి దానిని వేరుచేశారు. అయితే ఆ గింజలను మీరే నూరి తినిపించకండి. మోతాదు తెలియక తింటే మేలుకంటె కీడే ఎక్కువ.

అడుగు ఎందుకు ఆగుతుంది?

ఈ మందు వణుకును, బిగువును బాగా తగ్గిస్తుంది. కాని కొన్నేండ్లకు చాలమందికి ఇంకొక కష్టము వస్తుంది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పాదములు నేలకు అతుక్కొనిపోతవి. ఇంగ్లీషులో దీనికి 'గడ్డకట్టుట' అనే అర్థమిచ్చే పేరు పెట్టారు. ఇరుకైన తలుపుల దగ్గర, పక్కకు తిరిగేటప్పుడు, గుంపులో, ఎవరైనా తొందర పెట్టినప్పుడు ఎక్కువగా వస్తుంది. మా గడప, మా రెండవ గంట, వెనుకనున్న జనము, మా లాగుట. ఆ ఆదివారము అన్నీ ఒక్కచోట కూడినవి!

విచిత్రమేమనగా, చదునైన నేల మీద ఆగిపోయే ఆ మనిషే మెట్లు చక్కగా ఎక్కుతాడు. నెదర్లాండ్సు డాక్టర్లు 2010లో ఒక వైద్య పత్రికలో 58 ఏండ్ల రోగిని గూర్చి వ్రాశారు. ఆయన నాలుగడుగులు నడిస్తే పడిపోయేవాడు. అయినా సైకిలు ఎక్కిస్తే వీధిలో చక్కగా త్రొక్కుకొంటూ వెళ్లి, తిరిగి వచ్చాడు. దిగిన వెంటనే మరల పాదములు అతుక్కొన్నవి. ఇట్టి మనిషిని చూచి "నటిస్తున్నాడు" అనే ఇరుగుపొరుగు ఎంతమందో. నటన కాదు, జబ్బు స్వభావమే అది.

కారణము ఇట్లు చెప్తారు. మనము ఆలోచించకుండా నడిచేటప్పుడు మెదడు లోతుల్లోని భాగము అడుగు వెంట అడుగు దానంతటదే వేయిస్తుంది. డోపమైన్ లేనప్పుడు ఆ భాగమే దెబ్బతింటుంది. కాని కంటి ఎదుట ఒక గురుతు ఉండి 'దీనిని దాటాలి' అని మనస్సు పెడితే, మెదడు వేరొక దారిని వాడుతుంది. చూపుతో నడిచే దారి అది. పెద్ద రోడ్డు తెగినప్పుడు మనము చెరువు గట్టు మీదుగా ఊరు చేరమా? అట్లే. మెట్టు కూడ ఒక గురుతే, సుద్దగీత కూడ ఒక గురుతే.

లండను నరముల వైద్యుడు పర్డన్ మార్టిన్ ఈ సంగతిని 1967లో తన పుస్తకములో వివరించాడు. గీతలు నడిచే దారికి అడ్డముగా ఉండాలి, నేల రంగుకు భిన్నముగా కనబడాలి, వాటి మధ్య ఎడము తగినంత ఉండాలి అని చూచాడు. ఆస్ట్రేలియాలో మెగ్ మోరిస్ అనే ఫిజియోథెరపిస్టు, ఆమె తోటివారు 1990లలో కొలతలు తీసి, నేల మీద తెల్లని గురుతులు పెడితే చిన్నవైపోయిన అడుగులు మరల మామూలు పొడవునకు దగ్గరవుతవని చూపించారు.

పేకముక్కలనుండి కళ్లద్దముల వరకు

సరే, గీతలు ఇంట్లో గీయవచ్చు. సంతలో ఎవరు గీస్తారు? బస్టాండులో ఎవరు గీస్తారు? ఈ ప్రశ్న అమెరికాలో ఒక రోగికే వచ్చింది. కాలిఫోర్నియాలో టామ్ రీస్ అని పాదముల వైద్యుడు. నడివయసు రాకముందే ఆయనకు ఈ జబ్బు వచ్చింది. ఇతరుల పాదములకు వైద్యము చేసే మనిషికి తన పాదములే లోబడలేదు. నేల మీద అడుగుకొకటి చొప్పున పేకముక్కలు పరచుకొంటే తాను నడువగలుగుతున్నట్లు ఆయన కనిపెట్టాడు. కాని వెళ్లిన చోటికల్లా పేకముక్కలు పరచుకొంటూ పోలేడు గదా!

సియాటిల్ పట్టణములో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక ప్రయోగశాల ఉన్నది. అక్కడి సుజాన్ వెగ్‌హార్స్ట్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు రీస్‌తో కలిసి 1990ల నడుమ ఒక ప్రయత్నము చేశారు. కంటికి పెట్టుకొని బొమ్మలు చూచే కళ్లద్దములు అప్పుడే వచ్చినవి. వాటిలో పేకముక్కలకు బదులు వరుస గీతలు కనబడేటట్లు చేశారు. రీస్ ఆ కళ్లద్దములు పెట్టుకొంటే ఎదుటనున్న నిజమైన నేల కనబడుతుంది, ఆ నేల మీద లేని గీతలూ కనబడుతవి. వాటిని దాటుకొంటూ నడిచాడు. ఆ గీతలు కంటి ముందు గాలిలో తేలినట్లు గాక, నిజముగా నేలను అంటియున్నట్లు కనబడితేనే ఎక్కువ మేలని వారు గమనించారు. 1995లో రీస్, వెగ్‌హార్స్ట్ ఇద్దరి పేర్లతో దీనిని గూర్చిన వ్యాసము అచ్చయినది. రోగియే పరిశోధకుడైన అరుదైన సంగతి ఇది.

ఉన్న లోకము మీద లేని బొమ్మను చేర్చి చూపే ఈ విద్యకు ఆగ్మెంటెడ్ రియాలిటీ అని పేరు. ఈ పేరు కూడ ఆ ప్రాంతమువారే పెట్టారు. బోయింగ్ విమానముల కంపెనీలో పనిచేసిన టామ్ కాడెల్, డేవిడ్ మైజెల్ అనేవారు 1990ల ఆరంభములో, విమానములలో వైర్లు అమర్చే పనివారికి దారి చూపుటకు దీనిని తలపెట్టారు. కళ్లు పూర్తిగా మూసి వేరే లోకము చూపేది ఇది కాదు. మీకు సుళువైన ఉదాహరణ చెప్తాము. టీవీలో క్రికెట్ చూచేటప్పుడు బంతి వికెట్లకు తగులుతుందో లేదో అని రంగు గీత వేసి చూపిస్తారు గదా. పిచ్ నిజమైనది, వికెట్లు నిజమైనవి, గీత మాత్రము కంప్యూటరు వేసినది. ఆ గీత టీవీలో గాక మీ కళ్లద్దములోనే, మీ ఎదుటి నేల మీదనే కనబడితే అదియే ఈ విద్య.

మేలు ఎంత? మితము ఎంత?

తరువాత అనేకులు ఆ దారిలో నడిచారు. ఇశ్రాయేలు దేశములో టెక్నియాన్ అనే సాంకేతిక విద్యాలయమునకు చెందిన యోరమ్ బరామ్, ఆయన తోటివారు నేల మీద పలకలు పరచినట్లు చూపే పరికరము చేసి, 2002లో దాని ఫలితములు ప్రకటించారు. మనిషి కదిలితే పలకలూ కదులుతవి, ఆగితే ఆగుతవి. గూగుల్ కంపెనీ 2013లో కళ్లద్దములు తెచ్చినప్పుడు ఇంగ్లండులో న్యూకాసిల్ విశ్వవిద్యాలయమువారు పార్కిన్సన్స్ రోగులకు వాటిని ఇచ్చి చూచారు. మైక్రోసాఫ్ట్ కంపెనీవారి హోలోలెన్స్ అనేది 2016లో వచ్చింది. అది గదిని కొలిచి, నేల ఎక్కడున్నదో తానే తెలిసికొని గీతలను అక్కడే నిలుపుతుంది.

ఇంత విని 'అయితే ఈ కళ్లద్దములు పెట్టుకొంటే చాలు' అనుకొనవద్దు. మీకు ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. నెదర్లాండ్సులో పరిశోధకులు హోలోలెన్స్ పెట్టించి, నిలుచున్న చోటనే తిరుగుమని 16 మంది రోగులను పరీక్షించారు. 2020లో ప్రకటించిన ఆ ఫలితములలో కళ్లద్దములలోని గురుతులు పాదములు ఆగిపోవుటను తగ్గించలేదు. నిజమైన గీతకు ఉన్న బలము చూపు గీతకు ఆ పరీక్షలో రాలేదు. దీనికి కారణములు ఊహించుట కష్టము కాదు. ఆ తొలి హోలోలెన్స్‌లో బొమ్మ కనబడే మేర చిన్న కిటికీ అంత. పాదముల దగ్గరనున్న గీత ఆ కిటికీలో పడదు, క్రిందికి వంగి చూడాలి. తల మీద బరువు ఉంటుంది. కొత్త వస్తువు మీదికే ధ్యాస పోతుంది. తిరిగేటప్పుడు గీతలు ఎటు పెట్టాలన్నది కూడ తేలిక ప్రశ్న కాదు.

అందుచేత ఇప్పుడు పరిశోధకులు వేరొక ఉపయోగమును కూడ చూస్తున్నారు. ఊతకర్రవలె ఎల్లప్పుడు పెట్టుకొనుటకే గాక, వ్యాయామము నేర్పే గురువువలె వాడుట. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌వారు రోగి నడుస్తూనే లెక్కలు చేయుట, జ్ఞాపకము పెట్టుకొనుట వంటి రెండు పనులు ఒకేసారి చేసే అభ్యాసమును ఈ కళ్లద్దములలో అమర్చారు. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 24 మంది రోగులకు కళ్లద్దములు ఇచ్చి, ఇంటిలోనే ఆరు వారములు, వారమునకు 5 రోజులు, దినమునకు అరగంట చొప్పున ఆటలవంటి నడక వ్యాయామములు చేయించారు. ఫిజియోథెరపిస్టు దూరమునుండే చూచి, వ్యాయామమును పెంచుట తగ్గించుట చేశాడు. ఈ పని ఇంటిలో సాధ్యమని 2024లో ప్రకటించారు. ఫిజియోథెరపిస్టు దొరకని పల్లెలకు ఇట్టిది ఎప్పటికైనా మేలు చేయవచ్చును. కాని అది చిన్న పరీక్ష, ఇంకా నిరూపణ కావలసినది ఎంతో ఉన్నది.

ధర సంగతి కూడ చెప్పాలి. హోలోలెన్స్ రెండవ రకము 2019లో 3,500 డాలర్లు. మన రూపాయలలో రెండు లక్షల పైమాట. మైక్రోసాఫ్ట్‌వారు దాని తయారీని 2024లో ఆపివేశారు. గూగుల్‌వారు తమ కళ్లద్దముల అమ్మకమును 2023లోనే ఆపారు. కంపెనీ వస్తువు మారిపోతే దానిని నమ్ముకొన్న రోగి ఏమి కావాలి? సుద్దముక్కకు ఆ భయము లేదు.

మన ఇంటిలో చేయదగినవి

అయితే ఆ కళ్లద్దముల వెనుకనున్న జ్ఞానము మనకు డబ్బు లేకుండనే అందుతుంది. ఐరోపాలో మూడు దేశములలో 153 మంది రోగులకు ఇంటికి వెళ్లి మూడు వారములు ఇట్టి గురుతులతో నడక నేర్పారు. 2007లో ప్రకటించిన ఆ ఫలితములలో నడక మెరుగైనది, ఆగిపోవుట కూడ కొంత తగ్గినది. నేర్పుట ఆపిన తరువాత ఆ మేలు కొద్దివారములలో సన్నగిల్లినది. కాబట్టి ఇది ఒక పూట పని కాదు, అన్నము వండినట్లు రోజూ చేయవలసిన పని. ఆ అమ్మాయి మాకు నేర్పినవి, డాక్టరు సరే అన్నవి ఇక్కడ వ్రాస్తున్నాము.

ఒకటి. ఆగిపోయిన మనిషిని లాగవద్దు, నెట్టవద్దు, తొందరపెట్టవద్దు. మేము చేసిన తప్పు మీరు చేయకండి. "నిదానము, ఆగండి" అనండి. ఆయన నిటారుగా నిలిచి, ఊపిరి తీసికొని, బరువును ఒక కాలి మీదనుండి మరొక కాలి మీదికి మార్చి, తరువాత ఒక పెద్ద అడుగు వేయాలి.

రెండు. అప్పటికీ కదలకపోతే ప్రక్కనున్నవారు తమ పాదమును ఆయన పాదము ముందు అడ్డముగా పెట్టి "నా పాదము దాటండి" అనవచ్చును. మీ పాదమే గీత అవుతుంది.

మూడు. ఇంటిలో ఆయన ఎక్కడ ఆగుతారో రెండు మూడు రోజులు గమనించండి. తలుపు, స్నానాల గది దారి, మంచము ప్రక్క. అక్కడ అడ్డముగా గీతలు గీయండి. సిమెంటు నేలకు సున్నమో తెల్ల రంగో, తెల్లని పలకల నేలకు నల్లని లేక ఎర్రని టేపు. ఎడము ఆయన అడుగు పొడవును బట్టి ఉండాలి. కర్రలు, పుల్లలు పెట్టకండి, తట్టుకొని పడతారు. మొదటి దినములలో ఒకరు ప్రక్కన ఉండి తీరాలి.

నాలుగు. కొందరికి కన్నుకంటె చెవి బాగా పని చేస్తుంది. "ఒకటి, రెండు" అని లెక్కించుట, చప్పట్లు, తాళముతో పాట పాడుట. నెదర్లాండ్సులో గూగుల్ కళ్లద్దములు పెట్టి చూచిన 12 మంది రోగులకు కూడ వెలుగుకంటె టిక్కు టిక్కుమనే తాళమే ఎక్కువ నచ్చినది. మన ఇండ్లలో పాటకు కొదువ లేదు గదా.

ఐదు. తిరిగేటప్పుడు నిలుచున్న చోట గిరుక్కున తిరుగవద్దు. ఎద్దులబండి మళ్లించినట్లు పెద్ద మలుపు తీసికొనాలి. దారిలో గోనెపట్టాలు, చాపలు, వైర్లు ఉంచవద్దు.

ఆరు. మాత్రలు గడియారము చూచి ఇవ్వండి. అరగంట ఆలస్యమైతే కొందరికి పాదములు కట్టుబడిపోతవి. భోజనమునకు ఎంత ముందు, ఎంత తరువాత వేయాలో డాక్టరును అడగండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మతిస్థిమితమునకు ఇచ్చే హాలోపెరిడాల్ వంటివి ఈ జబ్బును పెంచుతవి. కాబట్టి ఏ చిన్న ఆసుపత్రికి వెళ్లినా "ఈయనకు పార్కిన్సన్స్ ఉన్నది" అని ముందే చెప్పండి.

ఏడు. ఈ మాట కాపరులముగా చెప్పవలసినది మేమే. మాకు తెలిసిన ఒక ఊరిలో ఒక తల్లి ప్రార్థన కూటమునుండి వచ్చి, స్వస్థత కలిగినదని మాత్రలు ఒక్కసారిగా మానివేసింది. కొద్ది దినములకే దేహమంతా కర్రవలె బిగిసి, తీవ్రమైన జ్వరముతో ఆసుపత్రి పాలైంది. ఈ మాత్రలు హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. ప్రార్థన చేయండి, మాత్ర వేయండి. రెండింటికి వైరము లేదు. ఎవరైనా బోధకుడు మానమని చెప్తే, డాక్టరును అడిగిన తరువాతనే అని మర్యాదగా చెప్పండి.

మరల ఆ గడప

ఆ సెలవులు ముగియకముందే మేము పెద్దయ్యగారి ఇంటికి మరల వెళ్లాము. "పెద్దయ్యగారూ, ఆ దినమున మిమ్మును లాగి పడవేసింది మేమే. తెలియక చేశాము గాని తప్పు తప్పే. మన్నించండి" అని చెప్పాము. ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత సన్నని గొంతుతో అన్నారు: "పడినందుకు కాదు అయ్యగారూ. తాగి వచ్చాననుకొన్నారేమో అని."

నాలుగు నెలలు ఆయన గుండెలో ఉన్నది ఆ మాట! ఎవరో వెనుకనుండి నవ్వారట. మేము వినలేదు, ఆయన విన్నారు.

శనివారము సాయంకాలము యౌవనస్థులు ఇద్దరు తెల్లరంగు డబ్బా తెచ్చారు. ఆ అమ్మాయి కొలత చెప్పింది. పై మెట్టునుండి గడప దాటి, ఆయన కూర్చుండే బల్ల వరకు గీతలు వేశారు. చిన్నపిల్లలు ఆ గీతల మీద తొక్కుడుబిళ్ల ఆడుకొన్నారు. ఆదివారము మొదటి గంటకు ముందే, ఎవరూ లేని వేళ, పెద్దయ్యగారు వచ్చారు. గీతలు చూచి దాటుకొంటూ లోపలికి వచ్చి కూర్చున్నారు.

ప్రతి ఆదివారము అట్లే జరుగుతున్నదని చెప్పలేము. మాత్ర వేళ తప్పిన దినమున గీతలున్నా ఆగిపోతారు. అప్పుడు ప్రక్కనున్న ఏ పిల్లవాడో తన పాదము ముందుకు చాపి "తాతా, నా కాలు దాటు" అంటాడు. వెనుకనున్నవారు తొందరపెట్టరు. జబ్బు ముందుకే వెళ్తున్నది, అది మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. గీత జబ్బును బాగుచేయదు. ఒక అడుగు వేయనిస్తుంది, అంతే. ఆ ఒక్క అడుగుతో ఆయన మరల మనుషుల మధ్యకు వచ్చారు.

సియాటిల్‌లో గొప్ప యంత్రములతో వెదికినదియు, మా వసారాలో సుద్దముక్కతో గీసినదియు ఒక్కటే: ఆగిపోయిన మనిషికి ఎదుట కనబడే ఒక గురుతు. మీ వీధిలో, మీ బంధువులలో చేయి వణికే పెద్దవారు, ముఖము కదలనివారు, గడప ముందు నిలిచిపోయేవారు ఉన్నారేమో ఈ వారము చూడండి. నరముల డాక్టరుకు చూపించండి. వారి దగ్గర కొంచెముసేపు నిలిచి, వారి వేగమునకు మీరు తగ్గండి. మీ అనుభవములు మాకు ఉత్తరము వ్రాస్తే సంతోషిస్తాము.

వచ్చే నెల మరల కలిసికొందాము.